నా చేతిరాతను మార్చేసిన పలక

పశువుల డాక్టరుగా ముప్పై ఏళ్ళు దాటి పనిచేసి, రెండేళ్ళ క్రితం హిందూపురంలో రిటైరయ్యాను. మొన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన కొందరు డాక్టర్లు మా ఇంటికి వచ్చారు. "మేడమ్, పుస్తకాలు చదువుకోడానికీ చేత్తో నోట్సు రాసుకోడానికీ పనికొచ్చే ట్యాబ్ కొనాలనుకుంటున్నాం. కాగితంలా కనపడే ఈ-ఇంకు తెరది. మీ ఆఫీసులో వాడారంట కదా, ఏది మంచిది?" అని అడిగారు. ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పేయవచ్చు. కానీ దాన్ని మేము ఎంచుకున్న తీరు చెప్పకపోతే, నేను చాలా తెలివైనదాన్నని వాళ్ళు నమ్మే ప్రమాదం ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా చేతిరాత గురించి చెప్పాలి. స్కూల్లో మా పంతులమ్మ నా పరీక్ష పేపరును తిరగేసి పట్టుకుని చదవడానికి ప్రయత్నించిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉద్యోగంలో చేరాక అది ఇంకా పాడైంది. ఒక చేత్తో గొర్రె చెవి పట్టుకుని, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాస్తే ఎవరి రాతైనా పాడవుతుంది. నాది పాడవడానికి గొర్రె కూడా అవసరం లేదు.

మాది గొర్రెల కాపర్లకు వైద్యం, మందులు అందించే సంస్థ. పేరెందుకు లెండి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మూడు చోట్లా మూడు కేంద్రాలు. హిందూపురం నాది. పరిగి, రొద్దం, రొళ్ళ వైపు ఊళ్ళు నా కింద ఉండేవి. పెనుకొండలో నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడైన డాక్టరు ఉండేవాడు. కొత్త వస్తువు ఏది వచ్చినా దాని గురించి నాలుగు వీడియోలు చూసి, ఐదోది మాకు చూపించేవాడు. ధర్మవరంలో టీకాల ఫ్రిజ్జులు ఉండేవి. వాటిని చూసుకునే సూపర్‌వైజరును మేమంతా భాయ్ అనేవాళ్ళం. వాళ్ళ నాయన పట్టుచీరల అంచులకు గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీసేవాడు. ఆ చెయ్యే భాయ్‌కి వచ్చింది. టీకా సీసాల జాబితా రాసినా పెళ్ళిపత్రికలా ఉండేది. లోకంలో నా రాతను చదవగలిగిన ఒకే ఒక్క మనిషి కూడా భాయే.

ఏ ఊరికి ఏ మందు కావాలో నేను చీటీ మీద రాసి, ఫోన్లో ఫొటో తీసి ధర్మవరం పంపేదాన్ని. టైపు చేయవచ్చు కదా అంటారు. చేశాను. 'రొద్దం' అని కొడితే ఫోను దాన్ని 'రద్దు' చేసేది.

ఒకసారి వానలకు ముందు రొద్దంలో గొర్రెలకు, ఉన్నట్టుండి ప్రాణం తీసే చిటుక రోగానికి టీకాలు వేయాలి. చీటీ పంపాను. ఆ వారం భాయ్ సెలవులో ఉన్నాడు. అతని బదులు కూర్చున్న మనిషి నా చీటీని అటూ ఇటూ తిప్పి, టీకాల ఐసుపెట్టెను రొళ్ళకు పంపించాడు. నేను పొద్దున్నే రొద్దం చేరేసరికి కాపర్లు మందలను మేతకు వదలకుండా దొడ్లలో పెట్టుకుని ఎదురు చూస్తున్నారు. వాళ్ళలో పెద్దదిక్కు ఒక అవ్వ. డెబ్బై దాటి ఉంటాయి. చేతిలో కర్ర, నోట్లో వక్క.

"ఏమమ్మా డాక్టరమ్మా, గొర్రెలు ఆకలికి నన్ను తినేట్లుండాయి. నీ మందు పెట్టె యాడుండాది?" అంది.

ధర్మవరానికి ఫోన్ చేశాను. "రొళ్ళకు పంపించినా కదా మేడమ్, మీరు రాసిందే అది" అన్నాడు బదులు మనిషి. ఆ మాట అవ్వకు కూడా వినిపించింది.

"రొళ్ళలో మా గొర్రెలు ల్యావు కదమ్మా" అంది.

పెట్టె తిరిగి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ లోపల అవ్వ మందలో మూడు గొర్రెపిల్లలు ఆ రోగంతోనే చనిపోయాయి. టీకా వేసినా అది ఒంట పట్టడానికి పదిహేను రోజులు కావాలి, కాబట్టి ఆ పిల్లలు ఎలాగూ బతికేవి కావు. ఇది నాకు తెలుసు. అవ్వకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. దొడ్డి పక్కన ఆ మూడింటినీ గోనెపట్టా మీద పడుకోబెట్టి ఉండడం చూశాక చెప్పలేదు. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "పోనీలేమ్మా, ఈసారి తెలిసేట్ల రాయి" అంది, అంతే.

ఈ సంగతి మా డైరెక్టరుగారి దాకా వెళ్ళింది. ఆయన మంచివాడే కానీ, ఏ సమస్యనైనా మధ్యాహ్నం భోజనంలోపు తేల్చేయాలనే పట్టుదల ఉన్న మనిషి. "ఇంక చీటీలు వద్దు. అందరూ ట్యాబ్ మీదే రాయండి" అన్నాడు. అంతకుముందే మాకు మామూలు ట్యాబులు ఇచ్చి ఉన్నారు. వాటిని ఎండలో తెరిస్తే మన ముఖమే మనకు కనపడేది. నేను రెండు నెలలు దాన్ని బొట్టు సరిచూసుకోడానికి వాడాను.

అప్పుడు పెనుకొండ డాక్టరు లేచి ఈ-ఇంకు గురించి చెప్పాడు. ఆ తెర వెలగదట, అచ్చు కాగితంలా ఎండలో ఇంకా బాగా కనపడుతుందట, కళ్ళు గుంజవట, చార్జింగు రోజుల తరబడి నిలుస్తుందట. పెన్నుతో దాని మీదే రాయవచ్చు, లావుపాటి వైద్య పుస్తకాలు అందులోనే చదవవచ్చు. డైరెక్టరుగారు గడియారం చూసుకుని, "మీ ముగ్గురూ వాడి చూసి, ఒకటి ఎంచండి. అందరికీ అదే తెప్పిస్తాను" అన్నాడు. ముగ్గురంటే పెనుకొండ డాక్టరు, భాయ్, నేను.

అమ్మేవాళ్ళ దగ్గర నుంచి పరీక్షకని మూడు రకాలు తెప్పించాం. మేము వాటిని పలకలనే అనేవాళ్ళం. మొదటిది పెద్ద పలక, దస్తావేజు కాగితమంత ఉంటుంది. చదవడం, రాయడం తప్ప ఇంకేమీ రాదు, తెరలో లైటు కూడా లేదు. రెండోది రంగుల పలక. దానికి లైటుంది, రంగులున్నాయి, ఫోన్లో ఉండే యాప్‌లన్నీ పడతాయి. పైగా చేత్తో రాసినదాన్ని అచ్చు అక్షరాలుగా మారుస్తుందని డబ్బా మీద రాసి ఉంది. మూడోది చిన్న పలక. కోటు జేబులో పడుతుంది. కానీ దాని మీద వైద్య పుస్తకం తెరిస్తే ఒక్కో పేజీని నాలుగు ముక్కలుగా జరుపుకుంటూ చదవాలి. గొర్రె జీర్ణకోశం బొమ్మ చూడబోతే మొదటి తెరలో నోరు, నాలుగో తెరలో తోక వచ్చేవి. దాన్ని రెండో రోజే పక్కన పెట్టేశాం.

పెనుకొండ డాక్టరు రంగుల పలక మీద మనసు పడ్డాడు. ముందుగా చేసిన పని అందులో సినిమా పాట పెట్టడం. ఈ-ఇంకు తెర మెల్లగా మారుతుంది కదా, పాత బొమ్మ పోకముందే కొత్త బొమ్మ వచ్చి పడేది. హీరో ఒక గెంతు గెంతితే ఏడుగురు హీరోలు గెంతినట్టు కనపడింది. "ఇది చదువుకునేదానికి మేడమ్, పాటలకు కాదు" అని మాకే సర్దిచెప్పాడు.

భాయ్ మొదట ఏ పలకనూ ముట్టుకోలేదు. "కాయితం ఉండగా దీనితో ఏమి పని మేడమ్?" అన్నాడు. బలవంతం మీద పెద్ద పలక మీద ఒక గీత గీశాడు. ఆగాడు. ఇంకో గీత గీసి, తెర దగ్గరికి చెవి తీసుకెళ్ళి విన్నాడు. "సప్పుడు కాయితం మాదిరే ఉండాది" అన్నాడు. తరవాత ఒక నెమలిని గీసి, మెడ వంపు నచ్చక చెరిపాడు. చెరిపిన చోట ఏమీ మిగల్లేదు. "మచ్చే ల్యా!" అని నా వైపు చూశాడు. ఆ వారం ఫ్రిజ్జు ఉష్ణోగ్రతల పట్టిక చుట్టూ మామిడిపిందెల అంచు వచ్చింది. పలక తిరిగి ఇమ్మంటే, "ఇంకా పరీక్ష చేస్తాండా మేడమ్" అనేవాడు.

నాకు మాత్రం రంగుల పలకే కావాలి. కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది. అచ్చు అక్షరాలుగా మార్చేదైతే నన్నిక ఎవరూ ఏమీ అనలేరు. ఒక రోజు తలుపు వేసుకుని, దాని మీద జాగ్రత్తగా 'రొద్దం' అని రాసి మార్పిడి బొత్తాం నొక్కాను. ఒక ఆరు, రెండు సున్నాలు, ఒక ప్రశ్నార్థకం వచ్చాయి. మళ్ళీ రాశాను. ఈసారి ప్రశ్నార్థకం ఒక్కటే వచ్చింది. తరవాత తెలిసింది, దానికి ఇంగ్లీషు తప్ప తెలుగు రాదు. కానీ ఆ ప్రశ్నార్థకం నన్నే అడిగినట్టుంది.

అయినా పంతం పోలేదు. అక్కడే నేను కొంటెపని చేశాను. పెనుకొండలో మా ముగ్గురి నోట్సులూ డైరెక్టరుగారు చూసే రోజుకు ముందు, భాయ్ దగ్గరికి వెళ్ళి, "భాయ్, ఈ రంగుల పలక మీద నా నోట్సు నాలుగు పేజీలు నువ్వు రాసిపెట్టాల" అన్నాను.

"మీ పేరుతోనా?"

"నా పేరుతోనే. ఊరికే చూడ్డానికి బాగుంటాదని."

భాయ్ చాలాసేపు నవ్వి రాసిచ్చాడు. చివరి పేజీ కింద ఒక చిన్న నెమలి కూడా వేయబోతే నేనే ఆపాను.

పెనుకొండ మీటింగులో డైరెక్టరుగారు ఆ పేజీలు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఇది మీ రాతేనా డాక్టరమ్మా?"

"ఈ పలక మీదే సార్" అన్నాను. అబద్ధం కాదు కదా.

"అంటే ఈ మిషను మీ రాతనే మార్చేసింది!" అన్నాడు ఆయన. "దీనికన్నా ఇంకేం కావల్ల? రంగులదే ఖాయం. ముగ్గురూ సంతకాలు పెట్టండి." అప్పటికి భోజనానికి ఇంకా పావుగంట ఉంది.

నేను అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. నా రాతను ఒక మనిషి మెచ్చుకోవడం జీవితంలో అదే మొదటిసారి. ఒక్క అరగంట ఆ మెప్పును దగ్గర ఉంచుకుందామనుకున్నాను. బయటికి వచ్చాక పెనుకొండ డాక్టరు అమాయకంగా అడిగాడు. "మేడమ్, నేనూ పది రోజులు వాడినా కదా, అది నా రాతను ఏంటికి మార్చల్యా?"

"నీ రాత బాగానే ఉండాది కదప్పా. దానికి మార్చే పనేముంది?" అన్నాను. పాపం, నమ్మాడు. సంతోషించాడు కూడా.

అరగంట అనుకున్నది ఎనిమిది రోజులైంది. ఇంతలో నాకు అసలు భయం పట్టుకుంది. అందరికీ ఆ పలకే వస్తే ఊళ్ళలో తిరిగే మా మనుషులు ఇరవైమందీ తెలుగులో రాసి బొత్తాం నొక్కుతారు. ఐసుపెట్టెలు ప్రశ్నార్థకానికి వెళ్తాయి. భాయ్ ఫోన్ చేసి, "మేడమ్, నవ్వులాట కోసం రాసిస్తి. ఇప్పుడది నవ్వులాట కాదు. సెప్పేయండి" అన్నాడు. చెబుతాననే అన్నాను. డైరెక్టరుగారి గది తలుపు దాకా రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ సెలవు చీటీ అడిగి వచ్చాను.

అంతలో ఆయనే కబురు పెట్టాడు. ఆర్డరు మీద సంతకం పెట్టేముందు పలకను పల్లెలో, పని జరిగే చోట, తన కళ్ళతో చూస్తాడట, మా ముగ్గురూ ఉండాలట. ఎక్కడికి వెళ్దామని అడిగితే, పెనుకొండ డాక్టరు ఉత్సాహంగా, "రొద్దంలో గొర్రెలకు నట్టల మందు తాగిస్తాండాం సార్, ఆడికే పోదాం" అన్నాడు. అదే పల్లె, అదే దొడ్డి, అదే అవ్వ.

ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. గొర్రెల అరుపులు, దుమ్ము, పేడ వాసన. మా మనుషులు ఒక్కో గొర్రె నోరు తెరిచి, కడుపులో పురుగులు పోయే ఆ మందు పోస్తున్నారు. డైరెక్టరుగారు కర్చీఫు తల మీద వేసుకుని దొడ్డి మధ్యలో నిలబడ్డాడు. ఒక పొట్టేలు ఆయన ప్యాంటును రుచి చూస్తోంది. రంగుల పలక తెర ఎండలో చక్కగానే కనపడుతోంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన దాన్ని నా చేతికిచ్చి, "డాక్టరమ్మా, ఈ ఊరిపేరు, గొర్రెలు ఎన్నో రాయండి. ఆ మార్పు ఎట్ల జరుగుతుందో చూస్తాను" అన్నాడు.

భాయ్ నా వైపు చూశాడు. పెనుకొండ డాక్టరు గర్వంగా నవ్వుతున్నాడు. నేను రాశాను. బొత్తాం నొక్కాను. ఈసారి రెండు ప్రశ్నార్థకాలు వచ్చాయి.

అవ్వ కర్ర ఊతగా వచ్చి తెరలోకి తొంగిచూసింది. "ఇదేమి రాసినావమ్మా? మళ్ళా రొళ్ళేనా?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "సార్, ఆ నాలుగు పేజీలు నావి కాదు. భాయ్‌తో రాయించుకున్నాను. ఈ పలకకు తెలుగు రాదు, నాకు రాయడం రాదు" అన్నాను.

పెనుకొండ డాక్టరు ముఖం చూడలేకపోయాను. పది రోజులు తన రాత బాగుందని ఇంట్లో కూడా చెప్పుకున్నాడట. డైరెక్టరుగారు ఎర్రబడ్డాడు. "ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇదా మీరు చేసే పని? ఇంకో రెండు రోజులైతే ఆర్డరు పోయుండేది. తెలుస్తోందా మీకు?" అని అందరి ముందూ అన్నాడు. తెలుస్తూనే ఉంది. కాపర్లలో ఒకాయన, "పోనీలే సారూ, ఆమె సూది బాగానే ఏస్తాది" అన్నాడు. అది నాకు సాయం చేయలేదు.

అప్పుడు భాయ్ తన సంచిలోంచి పెద్ద పలక తీశాడు. "సార్, తప్పు నాది కూడా ఉండాది. ఇది ఒకసారి సూడండి. మేడమ్‌ను ఎక్కిరించేదానికి చేసింటి" అని తెరిచాడు.

అందులో ఒక పేజీ ఉంది. ఎడమవైపు మూడు కేంద్రాల కింది ఊళ్ళ పేర్లన్నీ అతని గుండ్రని అక్షరాల్లో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పక్కన మందుల గళ్ళు, గొర్రెల సంఖ్యకు గళ్ళు. పైన అందంగా, 'మేడమ్‌గారూ, రాయకండి, టిక్కు పెట్టండి' అని ఉంది. ఈ పలకలో మనం గీసిన పేజీని అచ్చుకాగితంలా దాచుకుని, రోజుకొకటి కొత్తగా తీసుకుని నింపుకోవచ్చు. ఆ సంగతి మా ముగ్గురిలో కనిపెట్టింది, పలకనే ముట్టుకోనన్న మనిషి.

డైరెక్టరుగారు చదువుతుండగా అవ్వ ఆయన మోచేతి కింద నుంచి తల దూర్చింది. చూపుడువేలు తెర మీద పెట్టి మెల్లగా కిందికి జరుపుతూ వచ్చింది. ఒక చోట ఆగింది.

"ఈడుండాది మా రొద్దం" అంది.

"నీకు చదువొచ్చా అవ్వా?" అన్నాడు డైరెక్టరుగారు.

"బస్సు బోర్డులు సదివేది వచ్చు నాయనా. ఊరు తప్పిపోకుండా ఉండల్ల కదా." ఆ మాట అన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. అది ఆమె మంచితనం. భాయ్ ఆమె చేతికి పెన్ను ఇచ్చి, గడి చూపించాడు. నట్టల మందు గడిలో అవ్వ గట్టిగా ఒక గీత పెట్టింది. అదే మా మొదటి రికార్డు. డైరెక్టరుగారు అక్కడి నుంచే తన ఫోన్లో ఫొటో తీసి ధర్మవరానికి పంపిస్తే, అక్కడ కూర్చున్న కొత్త మనిషి ఫోన్ చేసి, "రొద్దం, నట్టల మందు, అంతేనా సార్?" అన్నాడు. డైరెక్టరుగారు ఫోను పెట్టేసి ప్యాంటును పొట్టేలు నుంచి విడిపించుకుని, "పెద్దదే తెప్పించండి" అన్నాడు. నాకు ఒక మెమో కూడా ఇచ్చాడు. దాన్ని ఎవరికీ చూపించలేదు. ఆయన రాత నా రాతకన్నా ఘోరం. అందులో నన్ను ఏమన్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

పెనుకొండ డాక్టరు నాతో మూడు వారాలు మాట్లాడలేదు. వాళ్ళింటికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. అతని రాత నిజంగానే బాగుంటుందని కూడా చెప్పాను. ఈసారి నమ్మలేదు.

ఇక మీరు అడిగినదానికి జవాబు. లైటు లేదు, రంగుల్లేవు, పాటలు రావు, పెన్ను మొన అరిగిపోతే మార్చుకోవాలి. సాయంత్రమైతే దీపం దగ్గరికి తీసుకెళ్ళాలి. అయినా మేము పెద్ద పలకే ఎంచుకున్నాం. మీరు కొనేటప్పుడు కొట్లో ఏసీ కింద కూర్చుని చూడకండి. మీరు పనిచేసే చోటికి తీసుకెళ్ళి చూడండి. మీరు చదివే పుస్తకంలో ఒక పెద్ద బొమ్మ తెరిచి చూడండి. మీ భాషలో ఒక ఊరిపేరు రాసి చూడండి. మీరు రాసింది చదవాల్సిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. డబ్బా మీద రాసి ఉన్న దాన్ని మాత్రం చివరన చదవండి.

రిటైరయ్యేలోపు ఆ పలకతో ఏడాదిన్నర పనిచేశాను. ఒక్క పెట్టె కూడా దారి తప్పలేదు. నా వల్ల కాదు. ఒక రోజు ఆమడగూరు వైపు క్యాంపుకు సాయం వెళ్ళి, ఊళ్ళ పేర్ల పక్క గళ్ళలో టిక్కులు పెట్టి పంపాను. పది నిమిషాల్లో భాయ్ ఫోన్ వచ్చింది.

"మేడమ్, టిక్కు రెండూళ్ళ నడిమి గీత మీద పడిండాది. గీత మీద గొర్రెలు ల్యావు. పై ఊరికి పంపల్నా, కింది ఊరికి పంపల్నా?"

"పైదానికే భాయ్."

"పైదంటే ఏదో నోటితో సెప్పండి మేడమ్" అన్నాడు. "నేను రాసుకుంటా."